సర్పి తల, తోక ఎందుకు కలవవు?

"సర్పి నడుము చుట్టూ పాకి తల, తోక కలిస్తే మనిషి దక్కడంటారు. నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. వాళ్ల అత్తగారికి కుడివైపు పక్కటెముకల మీద నీటిపొక్కులు గుంపులుగా లేచాయట. చుట్టూ జేగురు పూశారట. పొక్కులు ఎంతవరకు పాకాయోనని పొద్దునా సాయంత్రం ఇంటిల్లిపాదీ చూసి బెంగపడుతున్నారట.

ఆ పొక్కులు నిజానికి పాకడం లేదు. నాకు ఇష్టమైన సంగతి అదే కాబట్టి మిగతావి తొందరగా ముగిస్తాను. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వారిసెల్లా జోస్టర్ వైరస్సే పెద్దయ్యాక సర్పిని తెస్తుంది. ఆటలమ్మ తగ్గినా వైరస్ ఒంట్లోంచి పోదు. నాడీతంతువుల గుండా లోపలికి వెళ్లి, వెన్నుపాము పక్కనుండే నాడీసంధుల్లో, అంటే నాడీకణాల ముడుల్లో, దశాబ్దాలపాటు దాగి ఉంటుంది. రోగాలతో పోరాడే టి-కణాలనే తెల్ల రక్తకణాలు దాన్ని అదుపులో ఉంచుతాయి. వయసు పైబడడం వల్లనో, క్యాన్సర్ చికిత్స వల్లనో, హెచ్‌ఐవీ వల్లనో ఆ అదుపు సడలినప్పుడు అది మళ్లీ లేస్తుంది. అలా లేచేది అన్నిచోట్లా కాదు, సాధారణంగా ఒక్క నాడీసంధిలోనే.

వెన్నుపామును పొలాల మధ్య నుంచి పోయే పెద్ద కాలువ అనుకోండి. దానికి కుడివైపూ ఎడమవైపూ తూములున్నాయి. ఒక్కో తూముకు ఒక్కో ఆయకట్టు. కుడిగట్టున పదో తూము ఎత్తితే దాని కింది మడులే తడుస్తాయి. ఎడమగట్టు రైతుకు చుక్క కూడా రాదు. వెన్నుపాము నుంచి బయలుదేరే 31 జతల నాడుల పద్ధతీ ఇదే. దాదాపు ప్రతి నాడికీ చర్మంలో తనదైన ఒక పట్టీ ఉంటుంది. చనుమొనల ఎత్తున ఉన్న పట్టీ నాలుగో ఛాతీ నాడిది. బొడ్డు ఎత్తున ఉన్నది పదో ఛాతీ నాడిది. కుడినాడి ఆయకట్టు వీపున వెన్నెముక దగ్గర మొదలై, డొక్క మీదుగా తిరిగి, పొట్ట మీద నడిమిగీత దగ్గర ఆగుతుంది. గీతకు అవతలిది ఎడమనాడి సొత్తు.

వైరస్ ఆ నాడి వెంబడే చర్మానికి దిగుతుంది. కనుక పొక్కులు ఆ పట్టీలోనే లేస్తాయి. అన్ని మడులకూ నీళ్లు ఒకేసారి అందనట్టే కొన్ని పొక్కులు మొదటిరోజు, కొన్ని మూడోరోజు, కొన్ని అయిదోరోజు బయటపడతాయి. చూసేవాళ్లకు పాము పాకినట్టు అనిపించేది అందుకే. ఒక పొక్కు పక్క పొక్కును పుట్టించడం లేదు, అన్నీ లోపలి నుంచే వస్తున్నాయి. చర్మం మీద జేగురు గీసి సర్పిని ఆపాలనుకోవడమంటే, తూము వదిలేసి మడి చుట్టూ ముగ్గు వేయడమే.

గట్ల కింద ఊట ఉన్నట్టు పక్కపక్క పట్టీల మధ్యా, నడిమిగీత దగ్గరా కాస్త కలగలుపు ఉంటుంది. ఒకటి రెండు పొక్కులు గీత దాటినంత మాత్రాన కంగారు వద్దు. నడుమంతా చుట్టాలంటే మాత్రం రెండు గట్ల మీదా ఒకే నంబరు తూములు ఒకేసారి తెరుచుకోవాలి. అది చాలా అరుదు. అలా జరిగినా మనిషి ప్రాణం తీసేది ఆ చుట్టు కాదు. భయపడవలసింది ఇంకో తీరుకు: పొక్కులు పట్టీ కట్టుబాటు తప్పి ఒళ్లంతా చెదురుమదురుగా లేస్తే, వైరస్ రక్తంలో తిరుగుతోందని అర్థం. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అప్పుడు ఊపిరితిత్తులకూ మెదడుకూ ముప్పు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

చేతుల మీదా కాళ్ల మీదా ఈ పట్టీలు అడ్డంగా కాక పొడవుగా ఉంటాయి. పిండం నాలుగో వారంలో మొండెమంతా ఖండాలు ఖండాలుగా ఉంటుంది, ఒక్కో ఖండానికి ఒక్కో నాడి. తర్వాత చేతుల మొగ్గలు, కాళ్ల మొగ్గలు బయటికి పెరుగుతూ తమ వాటా చర్మాన్నీ నాడినీ లాక్కుపోతాయి. మనిషిని నాలుగు కాళ్ల మీద వంచి చూస్తే పట్టీల వరుస మళ్లీ తిన్నగా కనిపిస్తుంది. బడిలో "కపాల నాడులు 12 జతలు, వెన్నునాడులు 31 జతలు" అని వల్లె వేయించారు గానీ, వాటి హద్దులు ఒంటి మీదే తేలి కనిపించే జబ్బు ఒకటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ అంకెలు జన్మలో మరిచిపోయేవాళ్లం కాదు. 1900లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు సర్పి వచ్చి తర్వాత మరణించిన 21 మంది నాడీసంధులను పరీక్షించి, ఏ సంధి దెబ్బతింటే ఏ పట్టీలో పొక్కులు వస్తాయో పోల్చి చూశారు. చర్మం నాడీపటాన్ని గీయడంలో ఆ పని పెద్ద మెట్టు.

నాడి ముందు, చర్మం తర్వాత. అందుకే పొక్కులకు కొన్ని రోజుల ముందే మంట, పోటు మొదలవుతాయి. ఎడమ ఛాతీలో వస్తే గుండె నొప్పి అనుకుని ఈసీజీ తీయిస్తారు. ఛాతీ నొప్పికి ఈసీజీ తీయించడం ఎలాగూ మంచిదే. నుదుటి మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే అదే నాడి కొమ్మ కంటికీ వెళుతుంది కాబట్టి ఆ రోజే కంటి వైద్యుడికి చూపించాలి.

మందులున్నాయి: అసైక్లోవిర్, వాలాసైక్లోవిర్. ఇవి వైరస్‌ను దాని చేతులతోనే దెబ్బతీస్తాయి. అసైక్లోవిర్ మామూలు కణంలో దాదాపు నిద్రాణంగా ఉంటుంది. వైరస్ తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దానికి మొదటి ఫాస్ఫేటును తగిలిస్తుంది. మన కణం మరో రెండు తగిలిస్తుంది. అలా సిద్ధమైన అణువు వైరస్ డీఎన్ఏ గొలుసులో చొరబడితే, తర్వాతి కొక్కెం తగిలించడానికి చోటుండదు, గొలుసు అక్కడితో తెగుతుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. మంత్రం వేయించడానికీ పసర్లు పూయడానికీ పోయేది సరిగ్గా ఆ మూడు రోజులే. ఎలాగూ రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు మానిపోతాయి కాబట్టి మంత్రానికి పేరూ దక్కుతుంది. మిగిలేది నొప్పి. కొందరు పెద్దవాళ్లకు పొక్కులు మానిన మూడు నెలల తర్వాత కూడా చీర అంచు తగిలితే ప్రాణం పోయినంత బాధ. దానికి గబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులు వైద్యుల సలహాతో వాడాలి.

సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటదు. ఆటలమ్మ రానివారికి పొక్కుల రసి తగిలితే ఆటలమ్మ వస్తుంది. పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా గుడ్డ కప్పి ఉంచి, ఆటలమ్మ రాని గర్భిణులనూ పసిపిల్లలనూ దూరంగా ఉంచితే చాలు. రోగిని వెలివేసినట్టు చూడనక్కరలేదు.

50 ఏళ్లు దాటినవారికి రెండు మోతాదుల టీకా ఉంది, మనదేశంలోనూ దొరుకుతోంది. అందులో వైరస్ ఉండదు, దాని పైపొరలోని ఒక్క ప్రోటీనే ఉంటుంది. 50 దాటినవారి మీద జరిగిన పరీక్షల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా సర్పిని ఆపింది. సూది వేసిన చేయి ఒకటి రెండు రోజులు బాగా నొస్తుంది, ధర కూడా ఎక్కువే. ఒకసారి సర్పి వచ్చి తగ్గినవారు కూడా వేయించుకోవచ్చు, ఎందుకంటే మిగతా నాడీసంధుల్లో వైరస్ ఇంకా ఉంది.