బట్ట బిల్లులో చేరని ఖర్చులు: నగరి మరమగ్గాల నుంచి శ్రీకాళహస్తి కలం దాకా

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బట్టల రంగంలోకి కొత్తగా వస్తున్న డిజైనర్లు, అకౌంటెంట్లు, ఇంజినీరింగ్ ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లు వ్యాపారం లెక్కనే ప్రశ్నిస్తున్నారు. ఎన్ని పీసులు అమ్మాం, ఎంత మిగిలింది అన్న రెండు అంకెలు చూసి వ్యాపారం బాగుందని ఎలా తేల్చేస్తాం? చేసినవాళ్లకు రోజుకు ఎంత గిట్టింది, అద్దకం నీళ్లు ఎక్కడికి పోయాయి, కొన్నవాళ్లు ఆ బట్ట ఎన్నిసార్లు కట్టుకున్నారు అన్నవి ఖాతాలో ఎందుకు ఉండవు? ఇది యూరప్ నుంచి వచ్చిన కొత్త మోజని కొందరు కొట్టిపారేస్తున్నారు. అది నిజం కాదు. ఈ ప్రశ్నకు మన దేశంలోనే తొంభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఆ చరిత్ర మొదట్లోనే ఒక అకౌంటెంట్ కనిపిస్తారు. 1892లో పుట్టిన జె.సి. కుమారప్ప లండన్‌లో చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ పొంది బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చదివారు. 1929లో గాంధీని కలిశాక ఆ ప్రాక్టీసుకు స్వస్తి చెప్పారు. 1934 చివర్లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపారు. తవ్వేకొద్దీ తరిగిపోయే వనరుల మీద నిలబడిన ఉత్పత్తి వేరు, ఏటా తిరిగి పుట్టే వాటి మీద నిలబడిన ఉత్పత్తి వేరు, రెంటినీ ఒకే రూపాయితో కొలవకూడదన్నది ఆయన వాదన. అదే 1934లో అమెరికాలో జాతీయాదాయాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ కూడా, ఆ అంకెను బట్టి ప్రజల బాగోగులు తేల్చలేమని తన నివేదికలోనే హెచ్చరించారు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 43వ అధికరణం బతకడానికి సరిపడే వేతనాన్ని, గ్రామాల్లో కుటీర పరిశ్రమలను ఒకే చోట ప్రస్తావించింది. అయితే అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని కోర్టులో కూలి రాబట్టుకునే వీలు లేదు.

అసలు మలుపు 1985లో వచ్చింది. ఆ ఏడాది జౌళి విధానం సరసమైన ధరకు ఎక్కువ బట్ట తయారు చేయడాన్ని ప్రధాన లక్ష్యంగా పెట్టుకుంది. ఉపాధి రెండో వరుసలోకి వెళ్లింది. అదే ఏడాది కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ చట్టం కూడా తెచ్చారు. మొదట 22 రకాలతో మొదలైన ఆ జాబితా తర్వాత 11కు కుదించుకుపోయింది. మిగతా బట్టంతా మరమగ్గాలకు వదిలేసినట్టే. నగరి, పుత్తూరు పరిసరాలు మరమగ్గాల కేంద్రాలుగా పెరగడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. మరమగ్గం మీద పనిచేసేవాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. వాళ్లకీ గజం లెక్కనే కూలి, వాళ్ల మీదా మీటరుకు పైసలు తగ్గించమనే ఒత్తిడే. 2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. ఆ కుటుంబాల్లో దాదాపు మూడింట రెండొంతులకు నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదు.

చౌక బట్ట వెనక దాగిన ఖర్చు అద్దకంలో బయటపడుతుంది. నూలుకు రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయే కృత్రిమ రంగు) పట్టాలంటే ఉప్పు కావాలి. 100 కిలోల నూలును కిలోకు 10 లీటర్ల చొప్పున 1,000 లీటర్ల నీళ్లలో అద్దుతారనుకుందాం. ముదురు రంగుకు లీటరుకు 50 గ్రాములు వేసినా 50 కిలోల ఉప్పు అవుతుంది. రంగులోనూ 20 నుంచి 30 శాతం దారానికి పట్టకుండా నీళ్లలోనే మిగులుతుంది. శుద్ధి చేసి వదిలే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు మించకూడదన్నది కాలుష్య నియంత్రణ ప్రమాణం. అద్దకం తొట్టిలో వేసిన ఉప్పే లీటరుకు 50,000 మిల్లీగ్రాములు. జాడింపు నీళ్లు కలిశాక ఇది తగ్గినా ఉప్పు ఎక్కడికీ పోదు. సున్నం వేసి మడ్డి దించినా, బ్యాక్టీరియాతో శుద్ధి చేసినా రంగు తేలికపడుతుందే గానీ ఉప్పు దిగదు. రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా పంపి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి చేస్తేనే అది విడిపోతుంది. చిన్న యూనిట్ ఒంటరిగా ఆ కరెంటు ఖర్చు భరించలేదు. నగరి దగ్గర కుశస్థలి నదిలో అద్దకం నీళ్లు కలుస్తున్నాయన్న ఫిర్యాదుల వెనక ఉన్న అసలు సంగతి ఇదే. నొయ్యల్ నది పాడైన తమిళనాడులోని తిరుప్పూర్‌లో 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూసేయమంది. ఆ తర్వాత అక్కడ నీటిబొట్టు బయటికి వదలని ఉమ్మడి ప్లాంట్ల దారి పట్టక తప్పలేదు. ఆ ప్లాంటు ఖర్చు కిలో నూలు ధరలో చేరింది. అంతకుముందు కూడా ఆ ఖర్చు ఉంది. దాన్ని కింది ఊళ్ల రైతులు, వాళ్ల బావులు మోశాయి.

2005 జనవరి 1 నుంచి దుస్తుల ఎగుమతులపై కోటాలు, అంటే ఏ దేశం ఎంత పంపవచ్చన్న పరిమితులు పోయాయి. ఎక్కడ కూలి తక్కువైతే ఆర్డరు అక్కడికి పరుగెత్తింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, నా బట్ట ఎవరు కుట్టారు అన్న ప్రశ్న ప్రపంచమంతా పాకింది. 2000కూ 2015కూ మధ్య ప్రపంచంలో దుస్తుల ఉత్పత్తి సుమారు రెట్టింపైందని, ఒక్కో దుస్తు వాడకం మాత్రం మూడో వంతుకు పైగా తగ్గిందని బ్రిటన్‌లోని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2017లో లెక్కతేల్చింది. ఇప్పటి యువతరం ఆలోచనకు రాణా ప్లాజా, ఈ లెక్క రెండే దగ్గరి ప్రేరణలు.

ఈ లెక్క మన దగ్గర ఎలా పనిచేస్తుందో చూడటానికి కలంతో బట్ట మీద బొమ్మలు గీసి సహజ రంగులద్దే శ్రీకాళహస్తి కలంకారీని మించిన ఉదాహరణ లేదు. ముతక గాడా బట్టను ఉతికి గంజి పూర్తిగా పోగొట్టాలి. మిగిలితే రంగు మచ్చలుగా పడుతుంది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. పాలు నీళ్లగా ఉంటే గీత అంచు చెదిరిపోతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి ఆరనిచ్చి, తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కకు అంటుకుని, వేళ్లూ చెక్కలతో కాచినప్పుడు అక్కడా ఎరుపు పడుతుంది. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నది ఎండిపోయిన నెలల్లో బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలో ఇనుము ఉంటే కరక్కాయతో కలిసి బట్టంతా బూడిదరంగుకు తిరుగుతుంది. చివరగా కరక పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం.

అంటే ఈ కళకు నది కూడా ఒక పనిముట్టే. సహజ రంగు కాబట్టి ఏ భారమూ లేదనడం మాత్రం తప్పు. కాచడానికి కట్టెలు కావాలి, ఉతకడానికి చాలా నీళ్లు కావాలి. నిజాయితీగా లెక్కరాసేవాళ్లు వీటిని కూడా రాస్తారు.

2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెల్లే జీఐ ట్యాగ్) వచ్చినా స్క్రీన్ ప్రింట్ నకళ్లు ఆగలేదు. గీత ఒకే మందాన సాగిపోతూ, అదే బొమ్మ గజం గజానికీ అచ్చంగా తిరిగి వస్తుంటే అది చేతిపని కాదు. నకలు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అసలుది ఎందుకు అంత ధర అని అడిగేవాళ్లకు వివరంగా చెప్పాలి. ఒక చీరకు 20 పనిదినాలు, రోజుకు 600 రూపాయలు అనుకుంటే కూలే 12,000. దుకాణం సరుకు తీసుకుని, అమ్ముడయ్యాక నాలుగు నెలలకు డబ్బిస్తే, ఆ లోపు ఇల్లు గడవడానికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసిన కళాకారుడికి 960 రూపాయలు పోతాయి. ఒకటిన్నర రోజుకు పైగా చేసిన పని వడ్డీకే సరి. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ధర పెంచడం కన్నా ముందు సగం అడ్వాన్సు ఇవ్వడం మొదలుపెట్టాలని వాదిస్తున్నారు. నా ఉద్దేశంలో వాళ్ల ఆలోచనల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

కొనేవాళ్ల వైపు లెక్క చిన్నది. 600 పెట్టి కొన్న చొక్కా 15 సార్లకే పాడైతే తొడిగిన ప్రతిసారీ 40 రూపాయలు. 1,800 పెట్టి కొన్నది 120 సార్లు వస్తే 15 రూపాయలు. అయితే ముందుగా 1,800 చేతిలో ఉన్నవాళ్లకే ఈ లాభం అన్నది మరిచిపోకూడదు.

పన్ను కూడా ఈ లెక్కను మారుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన దుస్తులకు పీసు 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 2,500 కుర్తా పన్నుతో 2,625 అవుతుంది. కూలి మరో వంద పెంచి 2,600 చేస్తే కొనేవాళ్లు 3,068 కట్టాలి. కళాకారుడికి చేరేది వంద, ధర పెరిగేది 443. చీరలాగో గజాల బట్టగానో అమ్మితే ఈ 2,500 హద్దు అడ్డురాదు. చిన్న బ్రాండ్లు కుట్టిన కుర్తాల కన్నా బట్ట అమ్మడానికే మొగ్గడానికి ఇదొక కారణం.

బకాయిల విషయంలో చట్టం ఇప్పటికే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. దీనికి ముందే ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదు) ఉండాలి, సరుకు అప్పగించిన తేదీతో బిల్లు ఉండాలి. తన పేరుతో బిల్లు లేకుండా, ఇంట్లో కూర్చుని కూలికి గీసే కళాకారుడికి ఈ రెండూ ఉండవు. కాబట్టి శ్రీకాళహస్తిలో పని చేయించుకునే ఏ కొత్త బ్రాండైనా మొదట చేయాల్సింది కళాకారుల చేత, లేదా నలుగురైదుగురు కలిసిన బృందం చేత ఉద్యమ్ నమోదు చేయించి, ఒక్కో చీరకూ విడిగా బిల్లు రాయించడం.