జుంకాకు ఎంత వెలుతురు కావాలి?

వన్ గ్రామ్ గోల్డ్ నగలను ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో అమ్మేవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్ గోల్డ్‌కు పేరున్న చోటు. అలాంటి చోట తయారైన జుంకాలు చాలావరకు ఫొటోల మీదే అమ్ముడుపోవాలి. అక్కడే చిక్కు వస్తుంది. చేతిలో ధగధగలాడే జుంకా ఫొటోలో సగం నల్లగా వస్తుంది. లైటింగ్ చాల్లేదేమోనని ఇంకో లైటు కొంటారు. నలుపు నలుపులాగే ఉంటుంది, దాని పక్కన కళ్లు చెదిరే తెల్లటి మచ్చ ఒకటి కొత్తగా చేరుతుంది.

కాగితం, చెక్క, నూలు బట్ట మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అందుకే వాటిని ఎటునుంచి చూసినా రంగు కనిపిస్తుంది. నున్నటి లోహం అలా కాదు. వెలుతురు ఏ కోణంలో వచ్చి పడితే అదే కోణంలో అవతలికి పంపేస్తుంది. బంగారం చేసే అదనపు పనల్లా నీలం వైపు కాంతిని కొంత మింగేసి పసుపు, ఎరుపు కాంతులను తిప్పి పంపడమే. కాబట్టి బంగారు పూత అంటే పసుపు రంగు అద్దం. అందులో తెల్లగోడ కనబడితే పచ్చగా మెరుస్తుంది, చీకటి మూల కనబడితే నల్లబడుతుంది. దీపం కనబడితే తెల్లటి మచ్చే.

జుంకా బుట్ట గుండ్రంగా ఉండటంతో సంగతి ఇంకా ముదురుతుంది. బల్లపరుపు అద్దంలో గదిలో ఒక ముక్కే కనిపిస్తుంది. అద్దపు గోళంలో మాత్రం దాదాపు గది మొత్తం కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే, మనకు కనిపించే గోళం విస్తీర్ణంలో మధ్య సగంలో కెమెరా వైపు ఉన్నదంతా ఇమిడిపోతుంది. మిగతా సగం, అంటే అంచు చుట్టూ ఉండే వలయంలో, గోళం వెనకవైపు గది ముడుచుకుని కూర్చుంటుంది. ఆ మధ్యలో ఉండే నల్లటి బొట్టు మీ ఫోనే, దాన్ని పట్టుకున్న మీరే. ఫోన్‌ను దగ్గరికి తెచ్చేకొద్దీ ఆ బొట్టు పెరుగుతుంది. అందుకని నగలకు ఫోన్‌లోని మాక్రో మోడ్ (చిన్న వస్తువులను బాగా దగ్గరి నుంచి తీసే అమరిక) నాకు నచ్చదు. చాలా ఫోన్లలో అది అల్ట్రావైడ్ లెన్స్‌తో పనిచేస్తుంది, వస్తువుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోకి వెళ్లమంటుంది. అక్కడ ఫోన్ నీడ కూడా వస్తువు మీదే పడుతుంది. కాస్త వెనక్కి జరిగి రెండింతలో మూడింతలో జూమ్ చేసి తీయడం మేలు. కెమెరా ఉన్నవాళ్లు మాక్రో లెన్స్ కొనేటప్పుడు 50 మి.మీ. కంటే, అంతే పెద్ద బొమ్మను ఇంకాస్త దూరం నుంచి తీయగలిగే 100 మి.మీ. వైపు మొగ్గడానికీ ఇదే కారణం.

దీపం ఎన్ని వాట్లు అన్న ప్రశ్న ఇక్కడ వెనక్కి పోతుంది. జుంకా దగ్గర నిలబడి చూస్తే ఆ దీపం ఎంత పెద్దగా కనిపిస్తుంది? తేల్చుకోవాల్సింది అది. నీడలతో లెక్క వేద్దాం. జుంకా పై అంచు బల్ల మీద నుంచి 2 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. దానికి సూటిగా మీటరు పైన 6 సెం.మీ. వెడల్పున్న మామూలు బల్బు వెలుగుతోంది. నీడ అంచు దగ్గర చీకటి నుంచి వెలుగులోకి మారే పట్టీ వెడల్పు సుమారు 1.2 మి.మీ. ఉంటుంది. కత్తితో కోసినట్టుండే నీడ అన్నమాట. ఇప్పుడు అదే బల్బుకు అడ్డంగా 40 సెం.మీ. వెడల్పున్న బటర్ పేపర్ బిగించి, ఆ కాగితాన్ని జుంకాకు 30 సెం.మీ. దూరంలోకి తెద్దాం. ఇక దీపం బల్బు కాదు, వెలుగుతున్న ఆ కాగితమే. అదే పట్టీ 2.7 సెం.మీ. దాకా వెడల్పవుతుంది. జుంకా కంటే వెడల్పు! నీడ ఉందో లేదో అన్నట్టు కరిగిపోతుంది. సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి మనకు అర డిగ్రీ మేరే కనిపిస్తాడు. అందుకే ఎండలో ఆ 2 సెం.మీ. ఎత్తుకు నీడ అంచు 0.2 మి.మీ.లోనే తెగిపోతుంది.

సాఫ్ట్‌బాక్స్ అని అమ్మేది ఈ కాగితం పనినే కాస్త ఖరీదుగా చేస్తుంది. కొనడం తప్పేం కాదు, మడిచి దాచుకోవచ్చు. కొన్నాక దాన్ని గది మూలన రెండు మీటర్ల దూరంలో నిలబెడితే మాత్రం డబ్బు దండగ. అంత దూరం నుంచి అది మళ్లీ చిన్న దీపమే.

అలాగని చుట్టూ తెలుపే పెట్టేస్తే ఇంకో తంటా. నాలుగు వైపులా తెల్ల గుడ్డ, పైన ఎల్ఈడీ పట్టీలు ఉండే మడత డబ్బాలు బాగా చవక. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా వాటికే పడిపోతారు. వాటిలో పెట్టిన జుంకాలో ఎటు చూసినా తెలుపే కనిపిస్తుంది. ఫొటోలో అది పసుపు పెయింటు వేసిన ప్లాస్టిక్‌లా వస్తుంది. లోహం లోహంలా అనిపించాలంటే తెలుపు పక్కన సన్నటి నలుపు గీత ఉండాలి. రెండు వేళ్ల వెడల్పు నల్ల చార్టు ముక్కను జుంకాకు ఒక పక్కన, కెమెరాకు కనపడకుండా నిలబెట్టి చూడండి. బుట్ట అంచు వెంట ఒక ముదురు గీత పాకుతుంది, గుండ్రదనం ఒక్కసారిగా పైకి తేలుతుంది. ముక్కను అర అంగుళం జరిపితే గీత కూడా జరుగుతుంది. ఆ జరపడంలోనే సగం సాయంత్రం గడిచిపోతుంది, అది వేరే సంగతి.

రాళ్లకు ఇంకో రకం వెలుతురు కావాలి. అమెరికన్ డైమండ్ అని మనవాళ్లు పిలిచే క్యూబిక్ జిర్కోనియా తెల్లటి కాంతిని రంగులుగా విడగొట్టడంలో అసలు వజ్రాన్ని కూడా మించుతుంది. ఆ విడగొట్టే గుణాన్ని కొలిచే అంకె వజ్రానికి 0.044, దీనికి 0.06. కానీ ఆ రంగుల తళుకు కంటికి కనబడాలంటే దీపం చిన్నదిగా, చుక్కలా ఉండాలి. పెద్ద కాగితంలోంచి వచ్చే వెలుతురులో ఒక చోటి నుంచి వచ్చిన ఎరుపు, ఇంకో చోటి నుంచి వచ్చిన నీలం మీద పడి అన్నీ కలిసి మళ్లీ తెలుపవుతాయి. నగల షాపు వాళ్లు సీలింగ్‌లో చిన్న చిన్న స్పాట్ లైట్లు పెట్టించుకునేది ఇందుకే. షాపులో మెరిసిన నెక్లెస్ ఇంటి ట్యూబ్‌లైటు కింద చప్పగా కనబడితే అందులో మోసమేమీ లేదు. కాబట్టి లోహానికి బటర్ పేపర్, రాళ్లకు పక్కనుంచి ఒక చిన్న టార్చి. రెండో దీపం కొనాలనిపిస్తే అది ఇంతకంటే పెద్దది కానక్కర్లేదు.

దూరం సంగతి కూడా చూడాలి. చిన్న దీపాన్ని మీటరు నుంచి అర మీటరుకు తెస్తే వెలుతురు నాలుగింతలవుతుంది, ఇంకో బల్బు కొంటే రెండింతలే. అయితే ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది కూడా. పొడవాటి హారాన్ని బల్ల మీద పరిచి, దాని ఒక కొసకు 20 సెం.మీ. దూరంలో దీపం పెడితే, దీపానికి 40 సెం.మీ. దూరాన ఉన్న రెండో కొసకు నాలుగో వంతు వెలుతురే అందుతుంది. పెద్ద కాగితం దగ్గరగా ఉంటే ఈ తగ్గుదల ఇంత తీవ్రంగా ఉండదు. అవతలి వైపు ఒక తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే మిగతా తేడా చాలావరకు సర్దుకుంటుంది.

ఇంతకీ ఎంత వెలుతురు కావాలి? జుంకా కదలదు. కెమెరా ట్రైపాడ్ మీద ఉంటే అదీ కదలదు. అప్పుడు వెలుతురు తక్కువైతే సమయం ఎక్కువ ఇస్తాం, అంతే. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, అర మీటరు దూరం, మధ్యలో బటర్ పేపర్ అనుకుని సుమారుగా లెక్కేస్తే ఐఎస్ఓ 100 (సెన్సార్ సున్నితత్వం), ఎఫ్ 11 (లెన్స్ కంత సైజు, అంకె పెరిగేకొద్దీ కంత చిన్నది) దగ్గర ఒక సెకను పైచిలుకు ఎక్స్‌పోజర్ వస్తుంది. టైమర్ పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. వస్తువు సైజే సెన్సార్ మీదా పడేంత దగ్గరికి వెళ్తే, అంటే అసలైన 1:1 మాక్రోలో, లెన్స్ సెన్సార్ నుంచి దూరం జరిగి వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ సెకను పైచిలుకు కాస్తా ఐదు సెకన్లవుతుంది. జుంకాకు అదీ ఓకే.

ఆ స్థాయి మాక్రోలో ఎఫ్ 8 దగ్గర ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (36 × 24 మి.మీ. సెన్సార్ ఉన్నదానికి) స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరు కూడా దాటదు. ఎఫ్ 22కు వెళ్తే లోతు పెరుగుతుంది గానీ, అంత సన్న కంతలోంచి దూరేటప్పుడు కాంతి విస్తరించిపోయి మొత్తం బొమ్మే మసకబడుతుంది. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్‌లో కలిపేయడం దీనికి విరుగుడు. దీపం మాత్రం ఆ వరస పూర్తయ్యేదాకా ఒకేలా వెలగాలి. కిటికీ వెలుతురును నమ్ముకుంటే మధ్యలో మబ్బు పట్టిందా, అంతా మళ్లీ మొదటికే.

ప్రాణమున్న వాటి దగ్గరికి వచ్చేసరికి పైన చెప్పిన నిదానం అంతా పనికిరాదు. కిటికీ గట్టు మీద సెకనుకు 2 సెం.మీ. నడిచే చీమను 1:1లో తీస్తున్నారనుకోండి. సెకనులో వందో వంతు తెరిచి ఉంచినా అది 0.2 మి.మీ. కదిలిపోతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ 0.006 మి.మీ. ఉంటుంది. అంటే చీమ ముప్పైకి పైగా పిక్సెళ్ల మీద అలుక్కుపోతుంది. ఇక్కడ ఎల్ఈడీ ప్యానెల్ ఎంత పెద్దదైనా ఆయాసపడుతుంది. కెమెరా మీద బిగించే చిన్న ఫ్లాష్ మాత్రం తక్కువ పవర్‌లో సెకనులో పదివేలో వంతు సేపే వెలిగి ఆరిపోతుంది. ఆ వ్యవధిలో చీమ కదిలేది పిక్సెల్‌లో మూడో వంతు. ఈ రకం ఫ్లాష్‌లో పవర్ తగ్గించడమంటే వెలుగును పలచన చేయడం కాదు, కరెంటును ముందే తెంచేయడం. అందుకే పవర్ తగ్గేకొద్దీ మెరుపు ఇంకా పొట్టిదవుతుంది. చీమ వీపూ నున్నగా, గుండ్రంగానే ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య బటర్ పేపర్ ఉండాల్సిందే. తొలకరిలో కనిపించే ఆరుద్ర పురుగుకు ఈ బాధ తక్కువ. దాని మఖమల్ నూగు అద్దంలా పనిచేయదు, పైగా పక్కనుంచి పడే వెలుతురులో ఆ నూగు పోగు పోగుగా కనిపిస్తుంది. ఫోన్‌తో తీసేవాళ్లకు ఈ ఫ్లాష్ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఫోన్ సెన్సార్ బొమ్మను ఒక్కసారిగా కాక వరస వరసగా చదువుతుంది, ఆ మెరుపుతో జత కలవదు.

రంగు సంగతికి వస్తే, నాకు తెలిసి కస్టమర్లతో గొడవలు ఎక్కువగా కెంపుల దగ్గరే వస్తాయి. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ. ఆ నీలం చిప్ మీద పూసిన పసుపు పొడి కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. సమర్థమైన నీలం ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. చవక బల్బుల్లో ఈ మిశ్రమానికి ముదురు ఎరుపు బాగా తక్కువ. ఎరుపే లేని వెలుతురులో కెంపు ఎర్రగా ఎలా ఉంటుంది? మురికి గోధుమ రంగులోకి దిగుతుంది. అట్టపెట్టె మీద సీఆర్ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో నూటికి వేసే మార్కు) 80 అని రాసి ఉన్నంత మాత్రాన భరోసా లేదు. ఆ అంకె ఎనిమిది లేత రంగులతో చేసిన పరీక్షకు సగటు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, దాన్ని సగటులో కలపరు. 80 వచ్చిన దీపానికి ఆర్ 9 అనే ఈ తొమ్మిదో మార్కు సున్నా దరిదాపుల్లో ఉండటం మామూలే. సీఆర్ఐ 95కు పైన ఉండి, ఆర్ 9 కూడా విడిగా ముద్రించిన దీపాన్నే కొనండి. పురుగులకు చెప్పిన ఆ ఫ్లాష్‌కు, అంటే జెనాన్ వాయువుతో వెలిగేదానికి, ఈ లోటు లేదు, దాని వెలుతురు పగటి వెలుతురుకు బాగా దగ్గర.

మంచి దీపం కొని, పైన ట్యూబ్‌లైటు ఆర్పకుండా తీస్తే ఫలితం సున్నా. ట్యూబ్‌లైటు 6500 కెల్విన్ నీలితెలుపు, మీ దీపం 5000 కెల్విన్ (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు జరుగుతుంది). తెలుపును తెలుపుగా చూపించే కెమెరా అమరిక, వైట్ బ్యాలెన్స్, ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. ముత్యాల హారంలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఒక పక్క పాలతెలుపు, ఇంకో పక్క నీలం.

కాబట్టి నగల ఫొటోలకే అయితే ముందు గట్టి ట్రైపాడ్, బటర్ పేపర్, థర్మోకోల్, నల్ల చార్టు కొని, ఆ తర్వాతే ఒక్క మంచి ఎల్ఈడీ దీపం కొంటాను. పురుగుల పిచ్చి ఉంటే ఆ దీపం బదులు పవర్‌ను చేత్తో మార్చుకునే మాన్యువల్ ఫ్లాష్, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. రీల్స్ కోసం కొన్న రింగ్ లైటు ఇంట్లో ఉంటే మనుషులకే వాడండి, జుంకా బుట్టలో అది తెల్ల గాజులా కూర్చుంటుంది. దీపం కొనే ముందు షాపులోనే దాన్ని వెలిగించి, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/2000 సెకనుకు పెట్టి, ఆ వెలుతురు పడుతున్న తెల్ల గోడను చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం సర్క్యూట్ ఉన్న దీపం సెకనుకు 100 సార్లు రెపరెపలాడుతుంది. తెర మీద నల్లటి చారలు పాకితే ఆ దీపం వద్దు. చారలు లేకపోతే అరచేతిని దాని కింద ఒకసారి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఒకసారి పెట్టి చూడండి. దీపం కింద చెయ్యి పాలిపోయి కనిపిస్తే కెంపులకూ అదే గతి.