సగం మార్చిన పైపులు: అమెరికా సీసం వివాదం వెనుక ఒక పాత తీర్పు

ఇళ్లకు నీరు తెచ్చే సీసం పైపులను పదేళ్లలో తవ్వి తీసేయాలంటూ 2024 అక్టోబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ తెచ్చిన నిబంధన కోర్టుకెక్కింది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో తాగునీటిలో సీసం కలిసిన కథ అందరికీ తెలిసిందే. సీసం పిల్లల మెదడును ఏం చేస్తుందో కూడా కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పటి పేచీ మూలం మాత్రం 1994 డిసెంబరులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది.

వీధిలోని పెద్ద గొట్టం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు పైపులో వీధి వైపు ముక్క చాలా ఊళ్లలో నీటి సంస్థది, ఆవరణలోది ఇంటి యజమానిది. 1991 నాటి నిబంధన ఈ పంపకాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సీసం లీటరుకు 15 మైక్రోగ్రాముల హద్దు దాటి, నీటిశుద్ధి మార్పులతోనూ దిగిరాకపోతే ఏటా 7 శాతం పైపులు మార్చాలంది. మొత్తం పైపు నీటి సంస్థ అధీనంలోనే ఉన్నట్టు లెక్క, కాదంటే సంస్థే రుజువు చేసుకోవాలి. నీటి సంస్థల సంఘం అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ దీన్ని సవాలు చేసింది. 'అధీనం' నిర్వచనంపై ప్రజాభిప్రాయానికి ముందుగా తగిన అవకాశం ఇవ్వలేదంటూ కోర్టు ఆ నిర్వచనాన్ని కొట్టేసింది.

కోర్టు తప్పుపట్టింది పద్ధతిని. ఈపీఏ మాత్రం అసలు విషయాన్నే వదిలేసుకుంది. నీటి సంస్థ తన సొంత ముక్క మారిస్తే చాలని 2000 జనవరిలో నిబంధన సవరించింది.

అదే ఏడాది నవంబరులో వాషింగ్టన్ నగర నీటిలో క్రిములను చంపేందుకు క్లోరిన్ బదులు క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడకం మొదలైంది. ఏళ్ల తరబడి పైపుల లోపల కట్టిన సీసపు పొర క్లోరిన్ ఉన్నంతకాలం కరగకుండా నిలిచింది. క్లోరమిన్ రాగానే కరగసాగింది. పరీక్షించిన 6,000 పైచిలుకు ఇళ్లలో 4,000కు పైగా హద్దు దాటాయని 2004 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టేదాకా నగరానికి సంగతి సరిగా తెలియదు. ఆ ఆగస్టులో పైపుల లోపల రక్షణ పొర కట్టే ఆర్థోఫాస్ఫేట్‌ను నీటిలో కలపడం మొదలుపెట్టాక సీసం మెల్లగా తగ్గింది.

ఈలోగా నగరం వేల పైపులు మార్చింది, అవీ ఎక్కువగా సగమే. తమ వైపు ముక్కకు డబ్బు పెట్టడానికి చాలామంది యజమానులు ముందుకు రాలేదు. పాత సీసాన్ని కోస్తే పొర రాలి నీళ్లలో పడుతుంది. మిగిలిన సీసానికి కొత్త రాగి అతికితే ఆ అతుకు దగ్గర తుప్పు ఇంకా వేగం పుంజుకుంటుంది. అంటే ఖర్చు పెట్టి మరీ ప్రమాదాన్ని మిగిల్చుకున్నారు. పైపు సగం మార్చిన ఇళ్ల పిల్లలకు ముప్పు తగ్గలేదని 2011లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశోధకులు తేల్చారు. సగం మార్పుతో సీసం తగ్గుతుందన్న భరోసా లేదని ఈపీఏ శాస్త్రీయ సలహా మండలి కూడా ఆ ఏడాదే చెప్పింది.

అందుకే 2024 నిబంధన అత్యవసర మరమ్మతుల వంటి సందర్భాల్లో తప్ప సగం మార్పును నిషేధించింది. ఇంటివాళ్లు అనుమతిస్తే పైపు మొత్తం మార్చాల్సిందే. ఖర్చు ఎవరిదో మాత్రం తేల్చలేదు. ప్రైవేటు స్థలంలోని పైపు తమ వ్యవస్థలో భాగం కాదని, పదేళ్ల గడువు అసాధ్యమని అదే సంఘం మళ్లీ అదే కోర్టుకు వెళ్లింది.

గడువు అసాధ్యమన్న మాట నూవర్క్ దగ్గర నిలవదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఆ నగరం 2019లో ప్రత్యేక ఆర్డినెన్స్ తెచ్చి, యజమాని అనుమతి కోసం ఆగకుండా, పైసా తీసుకోకుండా మూడేళ్లలోపే 23,000కు పైగా పైపులు మార్చింది. అప్పు చేసి మార్చిందన్నది నిజమే.

అమెరికాలో పాత ఇళ్లలో ఉంటున్నవాళ్లు తమ పైపు దేనితో చేసిందో నీటి సంస్థ విడుదల చేసిన జాబితాలో చూసుకోవచ్చు. అందులో 'తెలియదు' అని ఉంటే మీటరు దగ్గర పైపును నాణెంతో గీకాలి. మెత్తగా, వెండిలా మెరిసి, అయస్కాంతం అంటకపోతే సీసమే. నీళ్లు మరిగిస్తే సీసం పోదు. సీసం తగ్గిస్తుందని ఎన్ఎస్ఎఫ్ 53 ధ్రువీకరణ ఉన్న ఫిల్టరు వాడాలి. పైపు మార్చిన ఇళ్లకు ఆరు నెలలకు సరిపడా ఫిల్టర్లు నీటి సంస్థే ఇవ్వాలని కొత్త నిబంధన చెబుతోంది.