చీదితే పోని ముక్కు దిబ్బడ

ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ‘మన ఊళ్లో లేని తుమ్ములు ఇక్కడ పట్టుకున్నాయి’ అన్న మాట తరచుగా వినబడుతుంది. ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి, పరుపుల దుమ్ములో బతికే, కంటికి కనబడనంత చిన్న పురుగులు ఈ అలర్జీకి ముఖ్య కారణాలు.

ముక్కు మూసుకుపోగానే గట్టిగా చీదుతాం. ఏమీ రాదు, దారీ తెరుచుకోదు. ఎందుకంటే అక్కడ అడ్డుపడింది చాలావరకు చీమిడి కాదు, వాపు. ముక్కు లోపలి పక్కగోడలకు ఒక్కో వైపు మూడేసి ఎముక మడతలుంటాయి. వాటిని కప్పిన పొరలోని సిరలు రక్తం నిండితే స్పాంజిలా ఉబ్బుతాయి. సరిపడని పుప్పొడి తగిలినప్పుడు, ఐజీఈ అనే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) అంటిపెట్టుకుని ఉన్న మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదలడంతో ఆ పొర వాచి, దారి ఇరుకవుతుంది. పడుకుంటే తలలోని సిరల్లో రక్తం నిలిచి వాపు ఇంకా పెరుగుతుంది కనుక, రాత్రి ఇంకో దిండు ఎత్తు పెట్టుకోమనే అమ్మమ్మ మాట శరీరధర్మానికి తగినదే.

బామ్ రాసుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే. అయితే మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టి గాలి బాగా ఆడుతున్న అనుభూతిని ఇస్తుందే తప్ప వాపును తగ్గించదు. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలు మాత్రం రక్తనాళాలను బిగించి నిమిషాల్లో దారి తెరుస్తాయి. చిక్కంతా ఆ వేగంలోనే ఉంది: కొద్ది రోజులకు మించి వాడితే మందు దిగిన ప్రతిసారీ వాపు తిరగబెట్టి, చివరకు చుక్కలే దిబ్బడకు కారణమవుతాయి. మూడు రోజుల హద్దు పెట్టుకోవడం మేలు.

వాపు మూలాన్ని తగ్గించేవి ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు. వైద్యుల సలహాతో రోజూ వాడాలి. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. నాలుగు రోజులకే పనిచేయలేదని పక్కన పడేయకూడదు. మధ్యగోడకు తగలకుండా, కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోవాలి. తుమ్ములకు, దురదకు పనిచేసే అలర్జీ మాత్రలు దిబ్బడను అంతగా తగ్గించలేవు.

ముక్కును నీటితో కడుక్కునే యోగ పద్ధతి జలనేతి పుప్పొడిని కడిగేస్తుంది. కానీ ట్యాంకర్ నీరైనా, బోరు నీరైనా కాచి చల్లార్చకుండా ముక్కులో పోయరాదు, ఎందుకంటే శుద్ధి కాని నీటిలో నెగ్లేరియా అనే అమీబా ఉంటే అది ముక్కు నుంచి మెదడుకు చేరి ప్రాణాంతకమవుతుంది. దుప్పట్లను, గలేబులను వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే దుమ్ముపురుగులు చస్తాయి.

ఒకే రంధ్రం వారాల తరబడి మూసుకుపోయినా, రక్తం కనబడినా అది అలర్జీ కాకపోవచ్చు. ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి.