కొండెక్కితే కుదుటపడే కారు

మా నాన్న 1988లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా మా దగ్గరే ఉంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో, ఇంటి వెనక రేకుల షెడ్డు కింద. ఏటా సంక్రాంతికి అది పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు వెళ్తుంది. ముక్కనుమ నాడు మళ్లీ కొండెక్కుతుంది.

నా చిన్నప్పుడు ఈ ప్రయాణం ఎప్పుడూ ఒకేలా ఉండేది. సాలూరులో కారు హాయిగా నడిచేది. పైకి వచ్చేకొద్దీ దగ్గేది. సైలెన్సర్ నల్లగా పొగ వదిలేది, లోపల కూర్చున్నవాళ్లకు పెట్రోలు వాసన వచ్చేది. "కొండ గాలి దీనికి పడదు" అనేది అమ్మ. రెండేళ్ల కిందట ఇదంతా తిరగబడింది. సాలూరు వీధుల్లో గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, కుదుపుతో ముందుకు దూకడం మొదలుపెట్టింది. అదే కారు సెమిలిగుడ చేరేసరికి నిమ్మళంగా నడుస్తోంది. నేను పాయింట్లు మార్చాను, కండెన్సర్ మార్చాను, ప్లగ్గులు మార్చాను. డబ్బులు పోయాయి గానీ కుదుపు పోలేదు.

సాలూరు లారీల ఊరు. అక్కడ వరసకు బాబాయి అయ్యే ఒకాయన చిన్నప్పటి నుంచీ ఇంజన్ల మధ్యే బతికారు. ఆయన బానెట్ కూడా తెరవకుండా ఒకే మాట అన్నారు. "పెట్రోలు మారిపోనాది రా నాయనా. నీ కారు మారలేదు. దానికేటి తెలుస్తాది?" ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేశాను. కుదుపుకు కారణం అందులో దొరికింది.

ముందు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ సంగతి చూద్దాం. ఇంజన్ గాలి పీల్చుకునే దారిలో ఒకచోట గొంతు సన్నబడుతుంది. సందు ఇరుకైనప్పుడు గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఆ గొంతులోకి ఒక సన్నటి గొట్టం తెరుచుకుని ఉంటుంది. దాని రెండో కొస ఫ్లోట్ గిన్నె అనే చిన్న పెట్రోలు తొట్టెలోని పెట్రోల్‌లో ఉంటుంది. గిన్నె మీద బయటి గాలి పీడనం అలాగే ఉంటుంది కాబట్టి, అది పెట్రోల్‌ను నెట్టి గొంతులోకి చిమ్మిస్తుంది. ఇంజన్ పెట్రోలు పీలుస్తుందని మనం అంటాం గానీ, నిజానికి దాన్ని లోపలికి తోసేది మన చుట్టూ ఉన్న వాతావరణమే. ఎంత పెట్రోలు వెళ్లాలో నిర్ణయించేది దారిలో ఉన్న ఒక ఇత్తడి జెట్, దానికి ఉన్న బెజ్జం. అంతే. ఇందులో తూకం వేసే పరికరమేదీ లేదు.

కానీ ఇంజన్‌కు కావలసింది తూకమే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సెమిలిగుడ ఎత్తు దాదాపు 900 మీటర్లు. ఇక్కడి గాలి సాలూరు గాలి కంటే 7, 8 శాతం పలుచన. గొంతులోంచి అదే ఘనపరిమాణం గాలి వెళ్లినా దాని బరువు తక్కువ. గాలి పలుచనైనప్పుడు గొంతులో పీడనం తగ్గేదీ కొంచెం తక్కువే కాబట్టి పెట్రోలు కూడా కొంత తగ్గుతుంది, కానీ సరిపడా తగ్గదు. లెక్క వేస్తే నిష్పత్తి గాలి సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే గాలి 8 శాతం పలచబడితే మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది, గాలితో పోలిస్తే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. అమ్మ చెప్పిన "కొండ గాలి పడకపోవడం" ఇదే. ఎక్కువైన పెట్రోలు సగం కాలి మసిగా బయటికి వచ్చేది.

ఇప్పుడు పెట్రోలు వైపు చూద్దాం. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ అనే ఆల్కహాల్ వాటా సగటున 10 శాతానికి చేరింది 2022లో. 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ తర్వాత అదే మామూలు పెట్రోలు అయిపోయింది. ఇథనాల్ అణువు తన బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్‌ను తనతోనే తెచ్చుకుంటుంది. అందుకే కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. ఈ లెక్కన ఈ20 మొత్తానికి కావలసిన గాలి కిలోకు సుమారు 13.5 కిలోలు. కార్బురేటర్ మాత్రం 1988లో నేర్చుకున్న పాఠం ప్రకారం పాత నిష్పత్తిలోనే కలుపుతోంది. ఫలితంగా మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడింది, అంటే ఇంధనం పాలు తగ్గింది. పలచని మిశ్రమం సరిగా అంటుకోదు. యాక్సిలరేటర్ తొక్కగానే కనిపించే ఆ తడబాటు అదే.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. సాలూరులో 8 శాతం పెట్రోలు లోటు. సెమిలిగుడలో ఎత్తు వల్ల 4 శాతం చిక్కదనం కలిసొచ్చి, లోటు 4 శాతానికి తగ్గింది. ఒకప్పుడు కొండ మీద కారును దగ్గించిన పలుచటి గాలే ఇప్పుడు దానికి మందు అయింది. ఆ రాత్రి ఈ లెక్క తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఎండాకాలం ఈ అంకెలు కాస్త జరుగుతాయి. 20 డిగ్రీల గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే 6 శాతం దాకా పలచబడుతుంది, మిశ్రమం ఇంకో 3 శాతం చిక్కబడుతుంది. నేను పోల్చి చూసింది జనవరిలో, రెండు ఊళ్లలోనూ ఉదయం పూట. అందుకే తేడా అంత స్పష్టంగా తెలిసింది.

ఇప్పటి ఇంజెక్షన్ కార్లకు ఈ బాధ లేదు. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. మండాక ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది చూసి చెప్తుంది, కంప్యూటర్ ఆ ప్రకారం పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. పద్మినికి ఆ పని మనమే చేయాలి. మనకున్న సెన్సర్ స్పార్క్ ప్లగ్గు. కారును కాసేపు ఒకే వేగంలో నడిపి, ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పితే దాని ముక్కు మీద రంగు కనిపిస్తుంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. సాలూరులో విప్పిన నా ప్లగ్గులు తెల్లగా ఉన్నాయి.

మందు చిన్నదే. జెట్ మీద ఉండే అంకె సాధారణంగా బెజ్జం వ్యాసాన్ని మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో చెప్తుంది. ఉదాహరణకు 115 అంటే 1.15 మిల్లీమీటర్లు. దాని బదులు 120 వేస్తే తేడా 0.05 మిల్లీమీటరు, ఒక సన్న వెంట్రుక మందం. కానీ పెట్రోలు వెళ్లేది బెజ్జం వైశాల్యాన్ని బట్టి కాబట్టి ప్రవాహం దాదాపు 9 శాతం పెరుగుతుంది. సాలూరులోనే ఉండేవాళ్లకు ఇది సరిపోతుంది. నేను కొండ మీద ఉంటాను, నాకు కావలసింది ఇంకో 4 శాతమే. అంటే 115 స్థానంలో 117.5. కింద ఊరికి వెళ్లినప్పుడు కొద్దిగా లోటు ఉంటుంది, అది భరించగలిగేదే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జెట్ కొనకుండా డ్రిల్ బిట్‌తోనో తీగతోనో బెజ్జం పెద్దది చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇత్తడి మెత్తటి లోహం. ఒకసారి గీరుకుపోతే మళ్లీ పాత కొలతకు తేలేం, గుండ్రదనం పోయిన బెజ్జం ఏ లెక్కకూ లొంగదు. శుభ్రం చేయాలన్నా గాలి కొట్టాలి గానీ తీగ పెట్టకూడదు.

బంకులో కొన్న పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత ఉందో ఇంట్లోనే చూడవచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి కుదిపి, కాసేపు కదలకుండా ఉంచాలి. ఇథనాల్‌కు పెట్రోలు కంటే నీళ్ల మీదే మక్కువ ఎక్కువ. అది నీళ్లలోకి దిగిపోతుంది. అడుగున ఉన్న 10 మిల్లీలీటర్లు 30 దాకా పెరిగితే, మీ చేతిలో ఉన్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ పని ఆరుబయట, వంటింటికి దూరంగా చేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న మంటను అందుకుంటుంది.

ఈ ప్రయోగం చూశాక పాత కార్లను నెలల తరబడి కదపకుండా ఉంచడానికి నాకు భయం పట్టుకుంది. కోరాపుట్ వానాకాలం ఎంత తేమగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇనప ట్యాంకులో ఖాళీ జాగా ఉంటే గాలిలోని తేమ అందులోకి చేరుతుంది. ఇథనాల్ దాన్ని కలుపుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ జట్టుకట్టి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పెట్రోలు తీసుకునే గొట్టం ఉండేదీ అడుగునే. అలా ఉంచేటప్పుడు ట్యాంకు పూర్తిగా నింపడమో, పూర్తిగా ఖాళీ చేయడమో మేలు.

ఇథనాల్ పాత రబ్బరును కూడా తింటుంది. ఆ రోజుల్లో వాడిన రబ్బరు దానికోసం తయారైంది కాదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆ తర్వాత పగుళ్లిస్తుంది. ఒక దుకాణంలో అన్నిటికీ పనికొస్తుందని చెప్పి ఇచ్చిన పెట్రోలు గొట్టం (హోస్) నాలుగు నెలలకే చేతికి జిగటగా తగిలింది. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు హోస్ అలా అయితే ఏం జరగగలదో తలుచుకుని ఆ రోజు నిద్రపట్టలేదు. ఇప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరు పొర ఉన్న హోస్ వేశాను, పంపులో పెట్రోల్‌ను నెట్టే పొర, డయాఫ్రం, కూడా మార్చాను. పాత కారుకు రంగులు వేయించే ముందు, పాటల డబ్బా పెట్టించే ముందు, ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

మే నెలలో వచ్చే కష్టం వేరు. సుంకి దగ్గర వంపుల్లో రెండో గేరులో ఎక్కుతూ ఎక్కుతూ ఇంజన్ ఆగిపోయేది. నాన్న కిందకు దిగి, తడిగుడ్డ ఒకటి పెట్రోలు పంపు చుట్టూ చుట్టి, సీసాలో నీళ్లు దాని మీద పోసేవారు. పావుగంటకు కారు కదిలేది. ఎయిర్ లాక్ అనేవారు గానీ, అక్కడ ఇరుక్కున్నది గాలి కాదు, పెట్రోలు ఆవిరే. పెట్రోల్‌లో కొన్ని భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతుంది. పైగా పంపు ఉండేది ఇంజన్ ఒంటికి అతుక్కుని, అది వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను లాగుతుంది. లాగే గొట్టంలో పీడనం తక్కువ, పీడనం తగ్గితే మరిగే వేడి ఇంకా తగ్గుతుంది. ఆవిరి బుడగ పడ్డాక డయాఫ్రం ఆ బుడగనే నొక్కుతూ వదులుతూ ఉంటుంది, పెట్రోలు కదలదు. ఇథనాల్ దీన్ని పెంచుతుంది. విడిగా ఉన్నప్పుడు ఇథనాల్ అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి, అందుకే 78 డిగ్రీల దాకా మరగవు. పెట్రోల్‌లో కొద్దిపాళ్లలో చెదిరిపోయినప్పుడు ఆ పట్టు ఉండదు, తేలిగ్గా ఆవిరవుతాయి.

తడిగుడ్డ గొప్ప ఉపాయమే, నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. శాశ్వతంగా పోవాలంటే మాత్రం పంపు స్థానం మార్చాలి. ట్యాంకు పక్కన చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడితే అది లాగడానికి బదులు నెడుతుంది, గొట్టమంతా పీడనం కొంచెం ఎక్కువగానే ఉంటుంది, ఆవిరి పుట్టదు. అయితే కార్బురేటర్ కోసం చేసిన తక్కువ పీడనం పంపే కావాలి. ఇంజెక్షన్ కారు పంపు దానికి పది రెట్లకు పైగా పీడనంతో కొడుతుంది, గిన్నె నిండగానే దారి మూసే ఫ్లోట్ సూది దాన్ని ఆపలేకపోతుంది, పెట్రోలు పొంగి ఇంజన్ మీద పడుతుంది. ఇంజన్ ఆగగానే పంపుకు కరెంటు ఆగిపోయేలా ఇంజన్ ఆయిల్‌లో పీడనం ఉన్నంతసేపే కరెంటు వదిలే ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా తీగ లాగాలి. ఇంతకు మించి, ఇంజనే మార్చడం లాంటి పెద్ద పనులకు పోతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి.

రేడియేటర్ గురించి ఎక్కువ చెప్పను. మా ఊళ్లో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకడం ఆలస్యం. రేడియేటర్ మూతలోని స్ప్రింగు చేసే పని కుక్కర్ వెయిట్ చేసే పనే. మూతలోని రబ్బరు అరిగితే ఘాట్ మధ్యలో రేడియేటర్ పొంగుతుంది. మూత ఖరీదు ఇంజన్ హెడ్ గాస్కెట్ పనితో పోలిస్తే ఏపాటిది?

దిగేటప్పుడు బ్రేకుల లెక్క మాత్రం మీతో కలిసి వేయాలని ఉంది. నలుగురితో పద్మిని బరువు 1150 కిలోలు అనుకుందాం. 750 మీటర్లు దిగితే వదులుకోవలసిన శక్తి సుమారు 85 లక్షల జౌళ్లు. ఆ వేడితో మూడు లీటర్లకు పైగా నీళ్లను చుక్క మిగలకుండా ఆవిరి చేయవచ్చు. పాదం బ్రేకు మీదే ఉంచి దిగితే ఈ వేడిలో ఎక్కువ భాగం నాలుగు డ్రమ్ముల్లోకి వెళ్తుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అదే తేమ పట్టాక ప్రమాణం 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మారుస్తాను, ఘాట్ ఎక్కిన గేరులోనే దిగుతాను. అలా దిగితే ఆ వేడిలో పెద్ద భాగాన్ని ఇంజన్ మింగేస్తుంది.

ఈ సంక్రాంతికి అలాగే దిగాం. సాలూరులో ఆగగానే చక్రాల దగ్గర చేయి పెట్టి చూశాను, వెచ్చగా ఉన్నాయి, కాలిన వాసన లేదు. బాబాయి కాఫీ పక్కన పెట్టి, ఇంజన్ చల్లారేదాకా కూర్చుని, మూడో సిలిండర్ ప్లగ్గు విప్పారు. వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశారు. ముక్కు మీద లేత గోధుమ రంగు, అంచున మాత్రం కొంచెం తెలుపు.

"మీద ఇంకా బాగుంటాది" అన్నారు. "ఇంటికెళ్లాక మళ్లీ ఇదే ప్లగ్గు విప్పి చూసి, నాకు ఫోన్ చెయ్యి."