ఎర్ర పూత కంటే ముందు కడుగు: ఇంజన్ బ్లాక్ లోపల ఏం చేయాలి

యాసంగి పనులు ముగిసి, వానాకాలం దుక్కులకు ఇంకా టైముందనగా సిలిండర్లు అరిగి రీబోరింగ్‌కొచ్చిన ట్రాక్టర్ ఇంజన్లను విప్పడం నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు మామూలే. పిస్టన్లు, రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టాలు) ఏ కంపెనీవి వేయాలన్న చర్చ బాగానే జరుగుతుంది. వాటన్నిటినీ మోసే బ్లాక్‌ను మాత్రం డీజిల్‌తో ఒకసారి కడిగి, గాలి కొట్టి పక్కన పెడతారు. ఈమధ్య రేసింగ్ ఇంజన్ల వీడియోలు చూసి, లోపల ఎర్ర పెయింట్ వేస్తే మంచిదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పూత సంగతి కచ్చితంగా మాట్లాడుకోవాల్సిందే. కానీ ఆ పూత నిలిచేది, ఇంజన్ నిలిచేది కూడా దాని కింద జరిగిన కడుగు మీదే.

ముందు నీళ్ల దారి చూద్దాం, మన దగ్గర ఎక్కువ ఇంజన్లను తినేది అదే. దమ్ములో రేడియేటర్ వేడెక్కితే పక్కనున్న బోరు నీళ్లే పోస్తాం. ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, కాల్షియం కార్బొనేట్ గోడకు సున్నంలా అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్ల పొర ఇదే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఇంజన్‌కు సున్నం పట్టించేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. కాల్షియం ఎక్కువున్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా మారిపోతుంది. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరులో కాల్షియం తరచుగా తక్కువుంటుంది. మీ బోరు ఎలాంటిదో గిన్నె అడుగు చూస్తే తెలిసిపోతుంది.

ఈ సున్నం పొర వేడిని పోనివ్వదు. పోత ఇనుముతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని దాటిస్తుంది. అంటే ఒక్క మిల్లీమీటరు సున్నం ఉంటే, గోడకు రెండు సెంటీమీటర్ల ఇనుము అదనంగా చేర్చినట్టే. ఇక్కడే మోసముంది: డాష్‌బోర్డు మీది ముల్లు చూపించేది నీళ్ల వేడిని, ఇనుము వేడిని కాదు. ముల్లు మామూలుగానే ఉంటుంది. లోపల మాత్రం సిలిండర్ గోడ కాలిపోయి, ఆయిల్ పొర చిట్లి, రింగులు పట్టేస్తాయి. నీటి పంపుకు దూరంగా ఉన్న చివరి సిలిండర్ చుట్టూ నీళ్ల ఒరవడి తక్కువ కాబట్టి, బురద, తుప్పు, సున్నం ముందుగా అక్కడే కూర్చుంటాయి.

కాబట్టి బ్లాక్ పక్కనుండే వెల్ష్ ప్లగ్‌లన్నీ, అంటే నీళ్ల దారి రంధ్రాలకు మూతలుగా కొట్టిన బిళ్లలన్నీ, ఊడదీయాలి. అవి బాగున్నాయని వదిలేయొద్దు, కొత్తవాటికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ రంధ్రాల్లోంచి గట్టి తీగతో పొడిచి గీకితే పెళ్లలు పెళ్లలుగా బయటికొస్తుంది. తర్వాత కాస్టిక్ సోడా తొట్టి. 100 లీటర్ల నీళ్లకు 5 నుంచి 10 కిలోలు, వేడి 80 డిగ్రీల దగ్గర. ఎప్పుడైనా నీళ్లలోకే సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారి మరిగి మొహం మీద చిమ్ముతుంది. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇది పోత ఇనుప బ్లాక్‌కే పనికొస్తుంది. అల్యూమినియం హెడ్డునో, కవర్‌నో ఇందులో వేస్తే హైడ్రోజన్ బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. కామ్ షాఫ్ట్ ఆనుకుని తిరిగే కామ్ బుష్షులు లోపలుంటే అవీ పాడవుతాయి, ముందే తీసేయండి.

కాస్టిక్ జిడ్డును తీస్తుంది, సున్నాన్ని తీయదు. బ్లాక్‌ను నీళ్లతో బాగా కడిగాక నీళ్ల దారిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ద్రావణం నింపాలి. 20 లీటర్ల గోరువెచ్చటి నీళ్లకు ఒక కిలో చాలు. బుడగలు వస్తున్నంతసేపు సున్నం కరుగుతున్నట్టు. బుడగలు ఆగగానే వంచేయాలి. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం ఇక ఇనుమును తినడం మొదలుపెడుతుంది. బాత్రూమ్ యాసిడ్ వాడితే పని తొందరగా అవుతుందన్నది నిజమే, కానీ అదే తొందరతో ఇనుమూ పోతుంది. చివర్లో చాకలి సోడా కలిపిన నీళ్లతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. తడి పోత ఇనుము మీద చూస్తుండగానే నారింజ రంగు తుప్పు లేస్తుంది కాబట్టి వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి, మెషిన్ పట్టిన భాగాలకు ఆయిల్ రాయాలి. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు ముందే వదిలేయకపోతే గాలితో పాటు ఆ తడి కూడా బ్లాక్ మీదే పడుతుంది.

బ్లాక్ లోపల ఆయిల్ పారే సన్నటి దారి, అంటే ఆయిల్ గ్యాలరీ కూడా ఇంతే ముఖ్యం. రెండు చివర్ల ప్లగ్‌లు తీయకుండా గాలి కొడితే, మూలల్లో గడ్డకట్టిన మడ్డి కదలదు. ప్లగ్ రాకపోతే చుట్టూ కాస్త వేడి చేసి కొవ్వొత్తి తాకించండి, మైనం మరల్లోకి పాకి పట్టు వదులుతుంది. పొడుగాటి బ్రష్ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఆడించాలి. పగుళ్లు చూడాలంటే అనుమానమున్న చోట కిరోసిన్ పూసి, పది నిమిషాలాగి తుడిచేసి, సుద్ద పొడి రాయండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి గీతగా కనిపిస్తుంది. హెడ్డు బోల్టుల మధ్య, లైనర్ పైఅంచు దగ్గర ముఖ్యంగా చూడాలి.

ఇక హోనింగ్, అంటే సిలిండర్ గోడను రాయితో రుద్ది సన్నటి గీతలు పెట్టడం, దాని తర్వాతి కడుగు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 220 నంబరు రాయిలో ఒక్కో రేణువు సుమారు 60 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నడిచేటప్పుడు బేరింగ్‌లో ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. రాయి నుంచి రాలిన పొడి, ఇనుప రజను కలిసి గీతల లోయల్లో కూర్చుంటాయి. డీజిల్ పోస్తే పైనున్న ఆయిల్ పలచబడుతుంది గానీ, ఆ పొడి ఇంకా కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. దాన్ని పైకి లేపి మోసుకుపోయేది సబ్బు నురగే. బట్టల సబ్బు పొడి కలిపిన వేడి నీళ్లు, నైలాన్ బ్రష్, ఒక్కో సిలిండర్‌కు ఓపిగ్గా నాలుగైదు నిమిషాలు. ఆరబెట్టాక తెల్లటి నూలు గుడ్డకు కొంచెం ఇంజన్ ఆయిల్ అద్ది గోడ మీద తిప్పండి. మొదటిసారి గుడ్డ బూడిద రంగుకు తిరుగుతుంది, కంటికి శుభ్రంగా కనిపించిన గోడే అది! మళ్లీ సబ్బు, మళ్లీ గుడ్డ. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా పిస్టన్ చేతిలోకి తీసుకోవద్దు. కొత్త లైనర్ పెట్టెలోంచి వచ్చినదైనా ఇదే పరీక్ష.

ఇప్పుడు ఎర్ర పూత. గ్లిజరాల్, థాలిక్ ఆమ్లం పేర్లు కలిపి పెట్టిన పేరు గ్లిప్టాల్. కరెంటు మోటార్ల వైండింగ్ మీద రక్షణగా వేసే ఆల్కిడ్ ఎనామెల్ ఇది. బ్లాక్‌ను ఇసుక అచ్చులో పోస్తారు కాబట్టి, మెషిన్ పట్టని గరుకు గోడల్లో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉండొచ్చు. పూత వాటిని బంధిస్తుంది, గరుకు నున్నబడి ఆయిల్ కిందికి తొందరగా జారుతుంది, విప్పి పెట్టిన బ్లాక్‌కు తుప్పు పట్టదు. ఈ మూడూ నిజమే. అయితే ఏళ్ల తరబడి నడిచిన బ్లాక్‌లో రాలాల్సిన ఇసుక చాలావరకు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. నిమిషానికి 2,000 చుట్ల చుట్టుపక్కల తిరిగే ట్రాక్టర్ ఇంజన్‌కు ఆయిల్ కాస్త తొందరగా జారడం వల్ల కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు.

నష్టం మాత్రం పెద్దది. పూత పెచ్చులూడితే పెద్ద ముక్కలు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడతాయి, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. చిన్నవి జల్లెడ దాటి పంపులోకి, అక్కణ్నుంచి ఫిల్టర్‌లోకి పోతాయి. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగ్‌లకు చేరుతుంది. అందుకే మా మాట: ట్రాక్టర్‌కు, లారీకి వద్దు. పాత కారునో, చాలాకాలం నిలిపి ఉంచే ఇంజన్‌నో ముచ్చటపడి చేసుకుంటుంటే పద్ధతిగా చేయండి.

ముందు అంచుల్లో పొడుచుకొచ్చిన పోత ముక్కలను గ్రైండర్‌తో గుండ్రం చేయాలి, పూత మానుకున్నా ఈ పని మాత్రం మానొద్దు. తర్వాత బ్లాక్‌ను 60 డిగ్రీల దాకా వేడి చేసి చూడండి. పోత ఇనుము రంధ్రాల్లో ఏళ్లుగా దాగిన ఆయిల్ చెమటలా పైకి ఊరుతుంది. చల్లారాక థిన్నర్‌తో తుడిచి, మళ్లీ వేడి చేయాలి. వేడిగా ఉన్నప్పుడు, మంట దగ్గరున్నప్పుడు థిన్నర్ సీసా మూత తీయొద్దు. చెమట ఆగకపోతే పూత ఆలోచన అక్కడే మానుకోండి, పెచ్చులూడే పూతలకు అసలు కారణం ఆ చెమటే. ఆగితే బ్రష్‌తో రెండు పలచటి పొరలు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. ఇంటి గేటుకు వేసే ఎనామెల్ వేడి ఆయిల్‌కు మెత్తబడుతుంది, దాన్ని వాడొద్దు. సిలిండర్ గోడలు, మెయిన్ బేరింగ్ కూర్చునే చోట్లు, గ్యాస్కెట్ ముఖాలు, బోల్టు మరలు, ఆయిల్ రంధ్రాలు, ట్యాపెట్ గూళ్లు: వీటిపై చుక్క కూడా పడకూడదు.

బిగించాక రేడియేటర్‌లో మళ్లీ బోరు నీళ్లు పోస్తే చేసిందంతా వృథా. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. పూత వేసిన ఇంజనైతే మొదటి 50 గంటలకు ఆయిల్ మార్చేటప్పుడు చాంబర్ దించి జల్లెడ చూడండి. పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుంటే ఎర్ర పెచ్చులున్నాయో లేవో కనిపిస్తుంది. ఒక్కటి కనిపించినా ఇంకో 50 గంటలకు మళ్లీ దించి చూడాలి.