"పర్లేదండీ" వెనక: ముసుగుల గురించి నేను రోజూ వినే అపోహలు

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లు మొదటి రోజు ఎక్కువగా అనే మాట "పర్లేదండీ". ఆ మధ్య ఒకావిడ ఏప్రిల్ ఎండలో వచ్చి కూర్చున్నారు. మెడ మీద చెమట కారుతోంది. "ఫ్యాన్ పెంచమంటారా?" "పర్లేదండీ." "మంచినీళ్లు?" "పర్లేదండీ." ఇంట్లో ఎలా ఉందంటే కూడా అదే జవాబు. లోపలున్నది బయటికి కనపడకుండా అడ్డుపెట్టే ఇలాంటి ముఖాన్నే నేను ముసుగు అంటున్నాను.

అపోహ: ముసుగు వేసుకున్నవాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు.

వాస్తవం: చాలామందికి తమకో ముసుగు ఉందనే తెలియదు. స్విస్ మనోవైద్యుడు యుంగ్ దీనికి వాడిన 'పర్సోనా' అనే లాటిన్ మాటకు అర్థం నాటకంలో నటుడు పెట్టుకునే ముఖం. ఆఫీసులో ఒకలా, అత్తగారింట్లో ఒకలా ఉండటం తప్పేం కాదు. ఇబ్బందల్లా ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అది ఊడి రాకపోవడమే. పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు విన్నికాట్ 1960లో 'ఫాల్స్ సెల్ఫ్' (నిజం కాని 'నేను') గురించి రాశాడు. తన ఆకలి, తన కోపం పక్కనపెట్టి, పెద్దవాళ్లకు తగ్గట్టు మసలుకోవడం నేర్చేసుకున్న బిడ్డలో అది మొదలవుతుందన్నాడు. మన ఇళ్లలో ఆ బిడ్డకి బిరుదు కూడా ఇస్తాం: "మా అమ్మాయి బంగారం, నోరు తెరిచి ఏదీ అడగదు."

అపోహ: కోపమో బాధో మింగేస్తే కాసేపటికి అదే పోతుంది.

వాస్తవం: గ్రాస్, లెవెన్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1993లో కొందరికి వికారం పుట్టించే వీడియోలు చూపించి, మొహంలో ఏదీ కనపడనివ్వొద్దన్నారు. వాళ్లు పైకి చాలావరకు దాచగలిగారు. లోపలి అసహ్యం మాత్రం తగ్గలేదు. పైగా చర్మానికి చెమట పట్టడం లాంటి ఒత్తిడి గుర్తులు పెరిగాయి.

అపోహ: "నేను ఏదైనా మొహం మీదే చెప్పేస్తా" అనడమే నిజాయితీ.

వాస్తవం: అలా అనేవాళ్లు చెప్పేదంతా ఎదుటివాళ్ల గురించే, తమ గురించి కాదు. (నాకైతే అదీ ఇంకో ముసుగే అనిపిస్తుంది.) "నీకు నేనంటే లెక్కే లేదు" అనేది తీర్పు. "నువ్వు ఆలస్యమైతే నాకు టెన్షన్‌గా ఉంటుంది, ఒక మెసేజ్ పెట్టవా?" అంటే అందులో నా భయం ఉంది, నా అవసరం ఉంది. గొంతు వణికేది ఈ రెండోదానికే.

అపోహ: తీస్తే అందరి ముందూ ఒకేసారి తీసేయాలి.

వాస్తవం: వద్దు. చేయి చేసుకునే మనిషి ముందు అది ముసుగు కాదు, కవచం. చల్లారిన ఇడ్లీ వెనక్కి పంపడంతో మొదలుపెట్టండి. మూడోసారి వడ్డిస్తుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టండి.

ఆవిడ ఐదో వారం కూర్చుంటూనే, నా వైపు చూడకుండా, "ఫ్యాన్ కొంచెం పెంచుతారా?" అన్నారు. వెంటనే, "మీకు చలేస్తే వద్దులెండి."

పెంచాను.